చిల్లిగవ్వ నుంచి పింగాణి దాకా
(శిల్పం గురించి కొన్ని మాటలు)

మన విమర్శలో పింగాణి ఒక తిట్టు. పైకి నునుపుగా ఉండి లోపల ఏమీ లేని కవిత్వాన్ని పింగాణి బొమ్మ అంటాం. జనజీవితంతో సంబంధం తెగిన అందాన్ని పింగాణి సౌందర్యం అంటాం. నేనూ అన్నాను. రెండేళ్ల కిందట జగిత్యాలలో జరిగిన ఒక కవితా సమావేశానికి సిరిసిల్ల నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని వచ్చింది. సాంచాల మీద బతికే ఇంటి పిల్ల. సముద్రం చూడలేదు. ఆమె చదివిన కవిత మాత్రం సముద్రం మీద. గవ్వలు, పగడాలు, నురగ, అలల అంచులు - కవిత నిండా ఇవే. చర్చలో నా వంతు వచ్చినప్పుడు, "ఇంట్లో సాంచా చప్పుడు పెట్టుకొని సముద్రఘోష ఎందుకు? ఇది పింగాణి గవ్వ. చూడటానికి బాగుంది, లోపల ప్రాణి లేదు" అన్నాను. సభలో నవ్వారు. ఆ అమ్మాయి మళ్లీ మా సమావేశాలకు రాలేదు.

ఆ రోజు నవ్వనివాడు ఒకడున్నాడు. కోరుట్లలో నా దగ్గర చదువుకున్నవాడు, కుమ్మరి ఇంటివాడు. హైదరాబాద్‌లో శిల్పకళ చదివి, తర్వాత బయటి రాష్ట్రాల్లో పింగాణి పని నేర్చుకున్నాడు. సభ అయ్యాక బయట నిలబడి అడిగాడు: "సార్, పింగాణి ఎట్ల చేస్తరో మీకెరుకేనా?"

నాకు తెలియదు. తెలియని వస్తువును పోలికగా వాడి, ఒక పిల్ల కవిత మీద తీర్పు చెప్పాను. ఆ తర్వాత సెలవుల్లో అతని పనిచోటుకు వెళ్లి చూసినదీ, చదివినదీ ఈ వ్యాసంలో చెబుతున్నాను. శిల్పం అనే మాటను రోజూ వాడే రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ ఇది పనికి వస్తుందని నా నమ్మకం.

మట్టి ఒకటి కాదు

కోరుట్ల కుమ్మరివాడలో కుండ పుట్టేది చెరువు మన్నుతో. అందులో ఇనుము ఉంటుంది, ఇసుక ఉంటుంది, కుళ్లిన ఆకూ అలమూ ఉంటాయి. నానబెట్టి, తొక్కి, రాళ్లు ఏరి, సారె మీదికి ఎక్కిస్తారు. ఆవంలో వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంటుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది కాని కరగదు. రేణువుల మధ్య సందులు మిగిలిపోతాయి. ఆ సందుల్లోంచి నీరు చెమటలా ఊరి ఆవిరవుతుంది కనుకనే రంజన్‌లో నీళ్లు చల్లగా ఉంటాయి.

పింగాణికి కావలసిన మట్టి వేరు. దాన్ని కయోలిన్ అంటారు. చైనాలో జింగ్‌డెజెన్ పట్టణం దగ్గరి గావ్‌లింగ్ అనే కొండ పేరే ఈ మాటకు మూలం. వేల లక్షల ఏళ్ల పాటు గ్రానైటు లాంటి శిలల్లోని ఫెల్డ్‌స్పార్ కుళ్లి, ఇనుము లేకుండా మిగిలిన తెల్ల మట్టి ఇది. అయితే తెల్ల మట్టి ఒక్కటే పింగాణి కాదు. గట్టి పింగాణిలో స్థూలంగా సగం కయోలిన్, పావు వంతు ఫెల్డ్‌స్పార్, పావు వంతు క్వార్ట్జ్ అంటే పలుగురాయి పొడి ఉంటాయి. కయోలిన్ ఆకారాన్ని ఇస్తుంది. ఫెల్డ్‌స్పార్ వేడికి కరిగి గాజై రేణువుల సందుల్లోకి పారుతుంది. పలుగురాయి ఎముకలా నిలబెడుతుంది. 1250 నుంచి 1400 డిగ్రీల వేడిలో ఈ మూడూ ఒకటవుతాయి. లోపల ములైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి ఒకదానిలో ఒకటి అల్లుకుంటాయి. అప్పుడు వచ్చే పదార్థం నీళ్లు పీల్చదు, గోరుతో మీటితే కంచులా మోగుతుంది, పలచగా చేస్తే వెలుతురును లోపలి నుంచి రానిస్తుంది.

పింగాణికి పునాది గ్రానైటు. మన గుట్టలు గ్రానైటువే. తెలంగాణలో ఫెల్డ్‌స్పార్, పలుగురాయి దొరకని పదార్థాలు కావు. పింగాణి పరాయిది, మట్టికుండ మనది అని గీసుకున్న గీత ఇక్కడే మొదటిసారి చెదిరింది.

రెండోసారి చెదిరింది రంగు దగ్గర. కుండ ఎర్రగా ఉండటానికి కారణం మట్టిలోని ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలవడం. ఆవం మూసి, పొగ పట్టించి గాలి అందకుండా చేస్తే అదే కుండ నల్లబడుతుంది. ఇది మన కుమ్మరికి తరాలుగా తెలిసిన విద్య. చైనా, కొరియా పనివాళ్లు మట్టి మీద పూసే మెరుగులో నూటికి ఒకటి రెండు పాళ్లు ఇనుము కలిపి, కొలిమికి గాలి తగ్గించి కాల్చారు. వచ్చింది సముద్రపు ఆకుపచ్చ. దాన్నే సెలడాన్ అంటారు. సెలడాన్ పళ్లెంలో విషం పెడితే పగులుతుందని నమ్మేవాళ్లు ఒకప్పుడు ఉండేవాళ్లు. కోరుట్ల కుండలోని ఎరుపూ, ఆ పళ్లెంలోని సముద్రపు రంగూ ఒకే ఇనుము.

మూడో సంగతి మన చరిత్రలోది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940 దశకం మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో హైదరాబాద్ పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల కాలపు మట్టిబొమ్మలు బయటపడ్డాయి. వాటిలో పేరుపొందినవి కయోలిన్ బొమ్మలు. ముందు భాగానికి ఒక అచ్చు, వెనక భాగానికి ఒక అచ్చు పెట్టి, రెండూ అతికి, లోపల బోలుగా చేసినవి. జడల అల్లికలూ నగల వివరాలూ అంత చిన్న ముఖాల మీద స్పష్టంగా ఉంటాయి. కోటిలింగాల దిబ్బల్లో శాతవాహన నాణేలు దొరికిన జగిత్యాల ప్రాంతపు వాళ్లం మనం. ఈ నేల మీద తెల్ల మట్టితో శిల్పం చెయ్యడం దాదాపు రెండు వేల ఏళ్ల నాటి పని. అయినా అవి పింగాణి కావు. తెల్ల మట్టి ఉంది కాని, కరిగి కలిపే రాయీ, దాన్ని కరిగించే వేడీ లేవు.

తెల్ల బంగారం, చిల్లిగవ్వ

పింగాణి అనే తెలుగు మాటకు మూలం పారశీకంలో గిన్నెను చెప్పే పింగాన్. యూరప్ వాళ్ల పోర్సలిన్ అనే మాటకు మూలం ఇటాలియన్ పోర్చెల్లానా. దాని అర్థం గవ్వ. చైనా నుంచి వచ్చిన గిన్నెల మెరుపు గవ్వ వీపులా కనిపించి ఆ పేరు పెట్టారు. కనుక 'పింగాణి గవ్వ' అని నేను ఎగతాళిగా అన్న మాట, తెలియకుండానే, ఆ వస్తువు అసలు పేరు.

గవ్వ విలువ మన భాషలో ఎంతో అందరికీ తెలుసు. చేతిలో చిల్లిగవ్వ లేదంటాం. మాల్దీవుల తీరాన ఏరిన గవ్వలు బెంగాల్‌లో చిల్లర నాణెంగా చెలామణి అయ్యాయి. ఆఫ్రికాలో మనుషుల్ని కొనే బానిస వ్యాపారంలోనూ ఆ గవ్వలే చెల్లాయి. అదే గవ్వ పేరు పెట్టుకున్న పింగాణిని యూరప్ రాజులు తెల్ల బంగారం అన్నారు. సాక్సనీ పాలకుడు అగస్టస్ బంగారం చేస్తానన్న బోట్‌గర్ అనే యువకుణ్ని నిర్బంధంలో పెట్టి, చిర్న్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడి పర్యవేక్షణలో ప్రయోగాలు చేయించాడు. 1708లో వాళ్లకు పింగాణి రహస్యం చిక్కింది. 1710లో మైసెన్ కోటలో కర్మాగారం పెట్టారు. రహస్యం బయటికి పోకుండా పనివాళ్ల మీద కాపలా. 1717లో అదే రాజు ప్రష్యా రాజుకు 600 మంది గుర్రపు సైనికులను ఇచ్చి 151 పింగాణి పాత్రలు తీసుకున్నాడు. అంటే ఒక పాత్రకు దాదాపు నలుగురు మనుషులు.

ఇదే కాలంలో, 1712లో, జింగ్‌డెజెన్ నుంచి దాంత్రకోల్ అనే ఫ్రెంచి మతబోధకుడు రాసిన ఉత్తరంలో ఒక్కొక్క పాత్ర డెబ్బై మంది చేతులు దాటి తయారవుతుందని ఉంది. మట్టి తవ్వేవాడు, దంచేవాడు, వడకట్టేవాడు, సారె తిప్పేవాడు, అంచు చెక్కేవాడు, గీత గీసేవాడు, రంగు నింపేవాడు, కొలిమి కాసేవాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో పింగాణి గదుల్లో నడిచినప్పుడు మనకు కనిపించేది రాజముద్ర. డెబ్బై మందిలో ఒక్కరి పేరూ కనిపించదు. పలుగురాయి పొడి పీల్చి ఊపిరితిత్తులు రాయిగా మారే జబ్బును ఇంగ్లండు పింగాణి కార్మికులు 'కుమ్మరి కుళ్లు' అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. నూలు ధూళి మధ్య బతికే సిరిసిల్ల వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనవసరం లేదు.

కాబట్టి పింగాణి మీద మన అనుమానానికి ఆధారం లేకపోలేదు. అది పాలకుల అల్మారాలో నిలబడింది. ఆ అల్మారా తప్పుకు మట్టిని శిక్షించడం మాత్రం విమర్శ కాదు.

సముద్రాన్ని మట్టితో చెయ్యడం

ఇప్పుడు పని దగ్గరికి వస్తాను. నా శిష్యుడు చేసేవి గిన్నెలు కావు, శిల్పాలు. గవ్వ లోపలి మలుపు, పగడపు కొమ్మ, సముద్రపు స్పంజిలోని రంధ్రాలు, ఒడ్డున ఇసుక మీద నీరు వదిలిన గీతలు.

మొదటి చిక్కు: నిజమైన గవ్వను కొలిమిలో పెడితే ఏమవుతుంది? గవ్వ, ఆల్చిప్ప, పగడం - అన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. సుమారు 900 డిగ్రీలకే అవి సున్నమవుతాయి. తీసి నీళ్లు చల్లితే పొడిగా రాలిపోతాయి. కనుక గవ్వ ఆకారం నిప్పును దాటాలంటే గవ్వ పదార్థం పనికిరాదు. ఆకారాన్ని అర్థం చేసుకొని మరొక పదార్థంలో మళ్లీ కట్టాలి. అనుభవాన్ని ఉన్నదున్నట్టు పెడితే కవిత అవుతుందనుకునే యువరచయితలు ఈ ఒక్క ప్రయోగం చూస్తే చాలు.

రెండో చిక్కు మట్టి స్వభావం. చెరువు మన్ను జిగురు, సాగుతుంది. పింగాణి మట్టికి ఆ జిగురు తక్కువ. శిష్యుడి తండ్రి, అరవై ఏళ్లు సారె తిప్పిన మనిషి, ఒకసారి ఆ ముద్దను చేతిలోకి తీసుకొని నాతో అన్నాడు: "ఇది మన్నేనా సారూ? వెన్నముద్ద తీరుగున్నది. మన మన్ను చెప్పినట్టు ఇంటది. ఇది ఇన్నట్టే చేసి, మంటల వడ్డంక తన మాట తను చెప్తది."

ఆయన అన్నది అక్షరాలా నిజం. పింగాణి మట్టికి జ్ఞాపకం ఉందని పనివాళ్లు అంటారు. కయోలిన్ రేణువులు పలచని పలకల్లా ఉంటాయి. వంచినప్పుడు, ఒత్తినప్పుడు అవి ఒక వరసలో సర్దుకుంటాయి. వంకరపోయిన అంచును వేలితో సరిచేస్తే పచ్చిగా ఉన్నంతసేపు సరిగానే కనిపిస్తుంది. కొలిమిలో మళ్లీ ఆ వంకర తిరిగి వస్తుంది. అతకడంలో చేసిన మోసం, తొందరపడి ఆరబెట్టిన చోటు, ఒక వైపు మందం ఒక వైపు పలచన - ఇవన్నీ నిప్పులో బయటపడతాయి. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కలిపి కొలతలు నూటికి 12 నుంచి 15 పాళ్ల దాకా తగ్గుతాయి. పైగా అంత వేడిలో మట్టి కొంత మెత్తబడుతుంది కనుక, పలచని గవ్వ అంచు తన బరువుకు తానే వాలిపోతుంది. అందుకే వాలే కొమ్మకు అదే మట్టితో ఆసరా కట్టి కాలుస్తారు. ఆసరా కూడా శిల్పంతో పాటు అంతే కుంచించుకుపోవాలి, లేకపోతే పగులుతుంది. చూసేవాళ్లకు ఆ ఆసరా ఎప్పటికీ కనిపించదు.

చేసే పద్ధతులు ప్రధానంగా మూడు. చేత్తో ఒత్తి, చిటికెలతో పలచన చేసి రేకలు రేకలుగా కట్టడం ఒకటి. పింగాణి మట్టిని పాలలా పలచగా కలిపి ప్లాస్టర్ అచ్చుల్లో పోయడం రెండోది. అచ్చు నీటిని పీల్చుకుంటుంది, గోడకు ఒక పొర అంటుకుంటుంది, మిగతాది పారబోస్తారు. కొండాపూర్ బొమ్మల బోలుతనం నాకు అక్కడ గుర్తుకొచ్చింది. మూడోది నన్ను నిలబెట్టిన పద్ధతి. స్పంజిని, ఆకును, గుడ్డను, దారాన్ని ఆ పలచటి మట్టిలో ముంచి కాలుస్తారు. లోపలిది కాలిపోతుంది. దాని చుట్టూ పట్టిన మట్టి మిగులుతుంది. మైసెన్‌లోనూ ఇతర జర్మన్ కర్మాగారాల్లోనూ రాణుల బొమ్మలకు లేసు పావడాలు ఇలాగే చేశారు. నిజమైన లేసును ముంచి బొమ్మకు చుట్టి కాల్చారు. నూలు పోయింది, నేత మిగిలింది.

నా శిష్యుడు పగడపు జాలి చెయ్యడానికి వాడింది సిరిసిల్ల నూలు. విడదీసి చూపించాడు. పోగు పక్కన పోగు, ఎక్కడ పడుగు, ఎక్కడ పేక, అంతా తెల్లటి రాయిలో ఉంది. పోగు ఉన్న చోట సన్నని బొరియ ఉంది. అది చూసినప్పుడు ఆ అమ్మాయి కవితలో ఒక మాట గుర్తుకొచ్చింది. అల అంచును ఆమె నేతతో పోల్చింది. ఆ రోజు నేను దాన్ని అలంకారం అనుకొని దాటేశాను.

ప్రకృతిని చూడటం ఎన్ని రకాలు

గవ్వను చెయ్యడం అంటే గవ్వను అనుకరించడమేనా? చరిత్రలో ముగ్గురిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

16వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో బెర్నార్ పాలిసీ అనే కుమ్మరి తెల్లటి మెరుగు కోసం ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. కట్టెలు అయిపోతే ఇంట్లోని బల్లలూ నేలకు పరిచిన చెక్కలూ కొలిమిలో వేశానని తానే రాసుకున్నాడు. చేపలు, పాములు, గవ్వల నుంచే అచ్చులు తీసి పళ్లేల మీద నిలిపాడు. అవి పింగాణి కావు, మామూలు మట్టివి. ఆ చేతులే అతనికి మరొక సంగతి నేర్పాయి. సముద్రానికి దూరంగా రాళ్లలో దొరికే గవ్వలు ఒకప్పుడు బతికిన ప్రాణులవేనని 1580లో అచ్చయిన పుస్తకంలో వాదించాడు. తన మతవిశ్వాసం వదులుకోనందుకు బాస్టిల్ చెరసాలలో చనిపోయాడు.

రెండోవాడు జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు హెకెల్. కంటికి ఆనని రేడియోలేరియా అనే సముద్రజీవుల అస్థిపంజరాలతో పాటు ఇతర జీవులనూ గీసి 1899-1904 మధ్య నూరు చిత్రఫలకాలుగా ప్రచురించాడు. ఆ జీవులు తమ ఒంటిని కట్టుకునేది సిలికాతో, అంటే పలుగురాయి పదార్థంతోనే. 1900 పారిస్ ప్రదర్శన ముఖద్వారాన్ని వాస్తుశిల్పి బినే ఆ ఆకారాల ప్రేరణతో కట్టాడు. అయితే హెకెల్ తన బొమ్మల్లో సౌష్ఠవం కోసం ప్రకృతిని కొంత సవరించాడన్న విమర్శ ఉంది. అందం కోసం నిజాన్ని దిద్దడం అనే జబ్బు మన దగ్గర మాత్రమే లేదు.

మూడో ఉదాహరణ మన కాలంలోది. అమెరికన్ శిల్పి కోర్ట్నీ మాటిసన్ పగడపు దిబ్బల్ని గోడంత పెద్ద మట్టిశిల్పాలుగా చేస్తుంది. రంగులున్న పగడాల మధ్య తెల్లబడ్డ పగడాలుంటాయి. సముద్రం వేడెక్కినప్పుడు పగడం తన లోపలి శైవలాలను బయటికి నెట్టి తెల్లబడుతుంది. ఎక్కువ కాలం అలాగే ఉంటే చనిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అక్కడ తెలుపు స్వచ్ఛతకు గుర్తు కాదు. సముద్రాన్ని వేడెక్కించిన వ్యవస్థ మీద సాక్ష్యం.

ముగ్గురి వస్తువూ ఒకటే, సముద్రజీవి. ఒకరు దాని నుంచి జ్ఞానానికి వెళ్లారు, ఒకరు అలంకారానికి దారి ఇచ్చారు, ఒకరు అభియోగానికి వెళ్లారు. కాబట్టి 'సముద్రం మీద రాసింది' అన్నంత మాత్రాన ఒక రచన ప్రజలదా కాదా అన్నది తేలదు. సాంచా మీద రాసినంత మాత్రాన కూడా తేలదు.

శిల్పం అనే మాట

సాహిత్యంలో వస్తువు-శిల్పం అని విడదీసి మాట్లాడతాం. వల్లంపాటి వెంకటసుబ్బయ్య తన విమర్శ గ్రంథానికి 'కథాశిల్పం' అనే పేరు పెట్టాడు. జగిత్యాల కన్న కవి అలిశెట్టి ప్రభాకర్ చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్ కూడా. కరీంనగర్‌లో తన స్టూడియోకు 'శిల్పి' అని పేరు పెట్టుకున్నాడు. 1993లో చనిపోయేదాకా అతను రాసిన చిన్న కవితల్లో ఒక్క మాట తీస్తే మొత్తం కూలుతుంది. అయినా మనలో చాలామందికి శిల్పం అంటే వస్తువు మీద పూసే మెరుగు అనే భావన పోలేదు.

పింగాణిలో మెరుగు చివరి పొర. శిల్పం అది కాదు. ఏ మట్టి, ఎంత మందం, ఎక్కడ ఆసరా, ఎంత వేడి, ఎంత కుంచించుకుపోతుందో ముందే లెక్క - శిల్పం అంటే ఇదంతా. వస్తువుకు మట్టి అనీ, శిల్పానికి ఆకారం అనీ పేర్లు పెట్టి విడదీస్తే కొలిమి దగ్గర ఆ విభజన నిలవదు. అక్కడ కరగనిది మిగలదు, కలవనిది అతకదు.

ఈ పోలిక ఒక చోట ఆగుతుందని కూడా చెప్పాలి. కొలిమికి వర్గం లేదు. పాఠకుడికి ఉంది. మట్టి పగిలితే ఎందుకు పగిలిందో ప్రకృతి నియమాలు చెబుతాయి. కవిత పగిలితే ఆ కారణాల్లో సమాజమూ ఉంటుంది, కవి నిలబడ్డ చోటూ ఉంటుంది. కనుక రచయిత దృక్పథాన్ని ప్రశ్నించే పని విమర్శకుడు మానుకోవాలని నేను అనడం లేదు. ప్రశ్నించే ముందు పనిని చూడాలంటున్నాను.

సముద్రం ఆ అమ్మాయికి పరాయిదని నేను అనుకున్నాను. ఆలోచిస్తే అదీ నిలవదు. మన పిల్లలు పచ్చీసు ఆడేది గవ్వలతో. ఎల్లమ్మ జోగుల మెడలో గవ్వల దండ ఉంటుంది. లంబాడీ ఆడబిడ్డల బట్టల మీద గవ్వలు కుట్టి ఉంటాయి. సిరిసిల్ల పక్క నుంచి పోయే మానేరు గోదావరిలో కలుస్తుంది. ధర్మపురి దాటిన గోదావరి మన చెల్క మన్నును మోసుకొని సముద్రానికే పోతుంది. సముద్రం మన ఊళ్లకు గవ్వ రూపంలో వచ్చింది, మన మట్టి ఒండ్రుగా అక్కడికి పోయింది. 'నీ ఇంట్లో ఉన్నదే రాయి' అని ఒక పేద పిల్లకు చెప్పడం, ఆలోచనకు కూడా ఆమెను ఇంట్లోనే కట్టెయ్యడం.

ఆ కవితలో లోపాలు లేవని కాదు. పగడం అన్న మాట నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ నగగానే వచ్చింది. నురగ ఎందుకు వచ్చిందో తెలియదు. ముగింపు ముందే తెలిసిపోతుంది. ఆ రోజు నేను చెప్పవలసినవి ఇవి. చెప్పి ఉంటే ఆమె ఇంటికి పోయి దిద్దుకునేది, లేదా నాతో పోట్లాడేది. అల అంచును నేతతో పోల్చిన చోట కవిత బతికి ఉందని, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టమని కూడా చెప్పాలి. ఒక పోలిక విసిరి సభను నవ్వించడం వీటన్నిటికంటే తేలిక.

నేను ఆమెకు ఈ సంగతులన్నీ ఉత్తరంగా రాశాను. ఆ నూలు జాలి ముక్క కూడా ఒకటి, దూదిలో చుట్టి, పంపాను. జవాబు రాలేదు. రావాలన్న హక్కు నాకు లేదు. మా సమావేశం వచ్చే నెల సిరిసిల్లలో పెట్టాం. ఈసారి చర్చలో మొదట మాట్లాడేది పెద్దలు కాదు, కవిత చదివినవాళ్లు తమ పని ఎలా చేశారో చెప్పాకే మిగతావాళ్లు మాట్లాడాలని తీర్మానించాం.